అంగీ మీద నీలిగీత

మేము గీసిన నక్షాలు మా పిల్లలు తొడుక్కునేవారు. ఈ మాట ఇప్పటి కుర్రవాళ్లతో అంటే నా వయసు చూసి, పాపం అనుకుని ఊరుకుంటారు. అందుకని ముందు అదేమిటో చెప్పి తర్వాత అసలు సంగతికి వస్తాను.

మా రోజుల్లో పెద్ద నక్షాలు, అంటే కట్టడాల పటాలు, కాగితం మీద కాక ట్రేసింగ్ గుడ్డ మీద గీసేవాళ్లం. విలాయత్ నుంచి వచ్చే సన్నటి నారబట్ట అది. గంజి దట్టంగా పట్టించి, కింద పెట్టిన గీత పైకి కనిపించేంత నునుపు చేసి చుట్టలుగా పంపేవారు. నక్షా పాతబడి రద్దయ్యాక ఆ గుడ్డను ఎవరూ పారేసేవారు కాదు. వేడి కుంకుడు రసంలో ఒక పూట నానబెట్టి ఉతికితే గంజి వదిలేది. గంజితో పాటు మేము నెలల తరబడి కళ్లు చిట్లించుకుని గీసిన నల్లసిరా కూడా వదిలేది. మిగిలిన బట్ట ఎంత మెత్తగా ఉండేదంటే చార్మినార్ బజారులో దుకాణం దుకాణం తిరిగినా అలాంటిది దొరికేది కాదు. ఆఫీసులో ఎవరింట్లో పురుడు వస్తే రద్దయిన షీటు వాళ్లకు వెళ్లేది. ఎక్కడా రాసి లేదు గానీ, రాసి ఉన్న రూళ్ల కంటే నికరంగా నడిచిన ఆచారం అది. మా ఆఫీసు పిల్లల్లో సగం మంది కచేరీలూ దవాఖానాలూ వంతెనలూ ఒంటికి చుట్టుకుని పెరిగినవాళ్లే.

నా పెద్దబిడ్డ తొడుక్కున్నది ఒక విశ్వవిద్యాలయపు నేల. దాని కథే ఇది. ఎవరి పేర్లూ రాయను. ఉన్నవాళ్లకు ఇబ్బంది, పోయినవాళ్లు వచ్చి జవాబు చెప్పుకోలేరు. ఒక్క మనిషి పేరు మాత్రం రాయకపోవడానికి కారణం వేరు. అది చివర చెబుతాను.

నేను నక్షానవీసుగా చేరింది పంతొమ్మిదివందల ముప్పైల చివర్లో. నక్షానవీసు అంటే మీరు ఇప్పుడు డ్రాఫ్ట్స్‌మన్ అంటున్నారే, అదే. ఆఫీసు చార్మినార్ వెనక ఒక పాత నవాబుల మేడ, దేవిడీ అంటారు, దాని పై అంతస్తులో ఉండేది. కింద లక్కగాజులు చేసేవాళ్ల కుంపట్లు. ఆ పొగ కిటికీల్లోంచి వచ్చి మా బల్లల మీద వాలేది. పొద్దున రాగానే మా మొదటి పని బల్ల తుడుచుకోవడం.

అప్పుడు మా చేతికి వచ్చిన పని మామూలు పని కాదు. ఊరికి దక్షిణాన, జల్‌పల్లి చెరువు వైపు రాళ్ల నేలలో కొత్తగా ఒక విశ్వవిద్యాలయం కట్టాలని సర్కారు తలపెట్టింది. ఇవాళ ఒక గది కట్టి, చాలకపోతే రేపు ఇంకో గది కట్టడం కాదు. యాభై ఏళ్లలో ఏ కట్టడం ఎక్కడ రావాలో, ఏ బాట ఎంత వెడల్పు ఉండాలో, ఏ చెట్లు ఎక్కడ నాటాలో అంతా ముందే ఒక్క నక్షాలో తేల్చాలి. పదేళ్లకొక దశ, దశకొక రంగు. మొదటి పదేళ్లలో కట్టేవి ఎర్రరంగు, చివరి పదేళ్లవి పసుపు. మా పెద్ద ఇంజనీరు సాబ్ చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, "ఈ పసుపు గదుల్లో చదవబోయే పిల్లల నాన్నలకు ఇంకా పెళ్లిళ్లు కాలేదు మియా, తెలుసా?" అని ఉర్దూలో అనేవారు. మేము నవ్వేవాళ్లం. గర్వంగా కూడా ఉండేది. యాభై ఏళ్ల ముందు సంగతి మా చేతుల్లో ఉందని.

నక్షా గదికి పెద్ద మా ఉస్తాద్. సన్నగా, తెల్లటి షేర్వానీలో ఉండేవారు. ఎవరి గీతలోనైనా వణుకు కనిపిస్తే తిట్టేవారు కాదు. ఆ గీత పక్కన కాసేపు నిలబడి ఒక నిట్టూర్పు విడిచి వెళ్లిపోయేవారు. ఆ నిట్టూర్పుకు భయపడి చలికాలంలో కూడా చెమటలు పట్టేవి. నా చేతిపని అంటే ఆయనకు ఇష్టం. సాఫ్‌గా గీస్తాడు అని నలుగురిలో అనేవారు. ఆ మాట నా నెత్తికెక్కింది.

ఇక సర్వేయరు. నా కంటే పాతికేళ్లు పెద్ద. ఎండకు నల్లగా కమిలిన మనిషి. ఆఫీసులో కూర్చుంటే ఊపిరాడనట్టు ఉండేవాడు. జల్‌పల్లి నేలంతా గొలుసు పట్టి కొలిచింది ఆయనే. ధూల్‌పేట్‌లో మా ఇంటికి రెండు గల్లీల అవతల వాళ్ల ఇల్లు. మా ఇంట్లోంచే పాలు పోయించుకునేవారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా బాపు బర్రెలు కాసేవాడు. మా తాత కూడా అంతే. ఇంట్లో ఉర్దూ చదివి, ఇంగ్లీషు అక్షరాలు నేర్చి, కుర్చీ మీద కూర్చునే ఉద్యోగంలో పడ్డది నేనొక్కడినే. ఆఫీసులో మీ నాయన ఏం చేస్తాడని అడిగితే "వ్యాపారం" అనేవాణ్ని. అబద్ధం కాదు, పాలు అమ్మడం వ్యాపారమే. కానీ పొద్దున ఇంటి నుంచి బయల్దేరే ముందు నా షేర్వానీ చేయి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేవాణ్ని. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. బర్రెలు పోయి ముప్పై ఏళ్లయినా పోలేదు.

ఒకరోజు పొద్దున పాలు పితికే వేళకు సర్వేయరు మా ఇంటికి వచ్చాడు. పాల కోసం కాదు, చేతిలో పుస్తకం ఉంది. కొట్టం ముందు మంచం వాల్చుకుని కూర్చున్నాడు.

"అన్నా, జల్‌పల్లి దిక్కు ఆ గట్టు కింది జాగ నీకు ఎరికేనా?" అని అడిగాడు.

"ఎరిక లేకేంది సాబ్" అన్నాడు బాపు, బర్రె పొదుగు వదలకుండానే. "ఎండకాలమొస్తే బర్లను తోలుకొని నెల దినాలు ఆడనే ఉంట గద."

"వానలు పడితే నీళ్లు ఎటు పోతయ్?"

"ఏటేట పోవు. ఎనిమిదేండ్లకో పదేండ్లకో ఒకపారి వస్తయ్. వచ్చినప్పుడు మాత్రం మస్తు వస్తయ్. గట్టు మీదికెల్లి దిగి, పెద్దబండ కాడ మలిగి చెర్ల పడ్తయ్. మూసీ పొంగిన ఏడు గాడ మనిషి నిలువెత్తు పారినయ్. నా కండ్లతోని చూసిన."

"నేను నాలుగుమార్లు తిరిగిన. ఏం కనవడ్తలేదు గదా."

"ఎట్ల కనవడ్తది? రాళ్లు కొట్టినోళ్లు మట్టి పోసి సాపు చేసిండ్రు. కానీ బర్లకు ఎరికే. నడి ఎండల పోయి గా పట్టి మీదనే పంటయ్. కింద సల్లగుంటది గద."

సర్వేయరు పుస్తకంలో రాసుకున్నాడు. మర్నాడే బాపును బండెక్కించుకుని అక్కడికి తీసుకెళ్లి, ఆయన నడిచిన చోటల్లా మేకులు కొట్టించాడు. ఆ తర్వాత తన నేల షీటు మీద, ట్రేసింగ్ గుడ్డ మీదే, ఆ నీటిదారిని నీలం రంగుతో గీశాడు. కొడవలిలా ఒక్క వంపు ఉన్న గీత. దాని పక్కన ఉర్దూలో నల్లసిరాతో రాశాడు: ఇది ధూల్‌పేట్‌లో బర్రెలు కాసే ఫలానా అతను చూపిన దారి అని. మా బాపు పేరు తండ్రి పేరుతో సహా రాశాడు.

"మీ బాపు పేరు నక్షాల ఎక్కింది, చూస్కో తమ్మీ" అని నా బల్ల దగ్గరికి తెచ్చి చూపించాడు. సంతోషపడతాననుకున్నాడు. నేను పక్క బల్లల వైపు చూశాను, ఎవరైనా విన్నారేమోనని.

కొన్నాళ్లకు ఉస్తాద్ నన్ను పిలిచి యాభై ఏళ్ల నక్షా అసలు ప్రతి గీసే పని నాకు అప్పగించారు. పెద్దవాళ్ల ముందు పెట్టబోయే షీటు అది. నా కంటే సీనియర్లు ఇద్దరుండగా నాకిచ్చారు. సర్వేయరు షీటు కింద పెట్టి, దాని మీద కొత్త గుడ్డ పరిచి, కింద ఉన్న నేల గీతలన్నీ పైకి ఎక్కించి, ఆ తర్వాత కట్టడాలు గీయాలి. నడిమధ్యన పెద్ద బాట, ఆ చివర గ్రంథాలయం, బాటకు అటూ ఇటూ చదువుల భవనాలు, దక్షిణాన హాస్టళ్లు. చూస్తుంటేనే కడుపు నిండేది.

నీలిగీత సరిగ్గా హాస్టళ్ల మధ్య నుంచి పోతోంది.

దాన్ని చివరకు వదిలాను. అన్నీ ఎక్కించి, రంగులు నింపి, ఆఖరున దాని దగ్గరికి వచ్చాను. గీత ఎక్కిస్తే పక్కనున్న రాత కూడా ఎక్కించాలి. ఆధారం చెప్పని గీతను ఉస్తాద్ ఒప్పుకోరు. పక్క బల్ల సీనియర్లు ఇద్దరూ భోజనాల వేళ నా షీటు మీద వంగి తప్పు ఎక్కడ దొరుకుతుందా అని వెతికేవారు. ఆ పేరు చూస్తారు. తండ్రి పేరు చూస్తారు. నా పేరుతో కలిపి చూస్తారు. బర్రెలు అన్న మాట చూస్తారు.

ఇది చూపించే ప్రతి కదా, ఇందులో సాఫ్‌గా ఉండాలి, మురుగు కాలువల షీటు వేరే గీస్తాం కదా, అందులో ఎక్కిద్దాంలే అని నాకు నేను చెప్పుకున్నాను. గుడ్డ చుట్టేశాను. ఉస్తాద్ వచ్చి చూసి, ఎప్పుడూ లేనిది నా భుజం మీద చేయి వేశారు.

నక్షా మంజూరైంది. ఈలోగా జర్మనీ లడాయి మొదలై గుడ్డ రావడం తగ్గింది. మురుగు కాలువల షీటు గీయనేలేదు. సర్వేయరును వేరే పని మీద జిల్లాలకు పంపేశారు. ఆయన పాత నేల షీటును రద్దు చేయాల్సి వచ్చింది. దానికొక పద్ధతి ఉంది. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కింది అని నకలు చేసినవాడు రాసి సంతకం పెట్టాలి. నేను పెట్టాను. ఆ నెలలోనే నా భార్య ప్రసవించింది. వంతు ప్రకారం ఆ షీటు నా చేతికే ఇచ్చారు.

ఆమె దాన్ని కుంకుడు రసంలో వేసి ఉతికి ఆరేసింది. సాయంత్రం నేను ఇంటికి రాగానే, "ఏందయ్యా, నల్లగీతలన్ని పోయినయ్ గని గీ నీలం ఒక్కటి పోతలేదు. మూడుసార్లు ఉతికిన" అంది.

నీటిదారుల రంగును గుడ్డ వెనక వైపు, గంజి పలుచగా ఉన్న చోట పూస్తారు. అది నారపోగుల్లోకి ఇంకిపోతుంది. నాకు తెలుసు.

"ఉండనియ్, వీపు దిక్కు కుట్టు" అన్నాను.

మా బిడ్డ ఆ అంగీలో బోర్లాపడింది, పాకింది. ఎత్తుకున్నప్పుడల్లా ఆ కొడవలి వంపు నా చేతి కింద ఉండేది. కొన్నాళ్లు చూసీ చూడనట్టు ఉన్నాను. తర్వాత నిజంగానే కనిపించడం మానేసింది.

రెండేళ్ల తర్వాత మొదటి హాస్టలుకు పునాదులు తవ్వడం మొదలైంది. ఆ ఏడు శ్రావణంలో మూడు రోజులు ఎడతెరిపి లేని వాన పట్టింది. మూడోరోజు మధ్యాహ్నం ఆ రాళ్లగట్టు మీది నుంచి నీళ్లు దిగాయి. బాపు చెప్పిన దారినే దిగాయి. పునాది గుంత ఒడ్డు మొత్తం విరిగి పడింది. గుంతలో ఉన్నవాళ్లు కేకలు విని పైకి ఎగబాకారు. ఒక్క మనిషి రాలేదు. పాలమూరు నుంచి వచ్చిన మట్టిపని మనిషి.

మర్నాడు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. వాన వెలిసింది. గుంత పక్కన మట్టికుప్ప మీద అతని భార్య కూర్చుని ఉంది. ముందు రోజు దాకా మట్టి మోసిన తట్ట ఒళ్లో పెట్టుకుని ఉంది. ఏడవడం లేదు. మేము నక్షా విప్పుతుంటే మా చేతుల వైపే చూసింది. నేను గీసిన షీటు నకలు అది. దాని మీద ఆ చోట హాస్టలు నలుచదరంగా, ఎర్రగా, ఎంతో అందంగా ఉంది. నీటిదారి లేదు.

సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాను. బాపుకు అప్పటికే తెలిసింది. బర్రెలు తోలుకొచ్చినవాళ్లు చెప్పారు.

"నేను చెప్పలేదా బిడ్డా, గాడ నీళ్లొస్తయని? సర్వేయర్ సాబ్ రాసుకున్నడు గద."

"రాసుకున్నడు బాపూ."

"మరి ఆయన రాసింది మీ ఆఫీసుల ఎవరు చదవలేదా?"

నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను.

విచారణ పెట్టారు. సర్వేయరును జిల్లా నుంచి పిలిపించారు. నీటిదారి చూపకుండా సర్వే చేశాడని నేరం మోపారు. ఆయన ఉద్యోగం ముగియడానికి ఇంకా నాలుగు నెలలే ఉంది. తేలితే బర్తరఫ్. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ముప్పై ఏళ్లు ఎండలో కొలిచినవాడికి చివరకు ఒక ప్రాణం తీసినవాడనే పేరు మిగులుతుంది. ఆయన చెప్పింది ఒక్కటే మాట: నేను చూపించిన, నీలంతో గీసిన. గీసిన షీటు రద్దయి పోయింది. దానికి ముందు పెన్సిలుతో వేసిన కాగితాలు ఇరుకు గదిలో వానకు తడిసి ముద్దయ్యాయి. కొలతల పుస్తకం చెదలు తిన్నది. ఉన్నదల్లా నా సంతకం. అంతా ఎక్కింది అని. అంతా ఎక్కిందంటే, ఎక్కనిది ఆ షీటులో లేనట్టే కదా.

మొదటి రోజు పెద్ద ఇంజనీరు సాబ్ నన్నడిగారు, ఆ షీటులో నీటిదారి ఉందా అని.

"యాద్ లేదు సాబ్" అన్నాను.

సర్వేయరు తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. గొలుసు ఎక్కడ తప్పిందో వెతికే మనిషిలా చూశాడు. విచారణను వారం తర్వాతకు వాయిదా వేశారు.

ఇంటికి వెళ్లి ట్రంకు పెట్టె బోర్లించాను. నా భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఏం దేవులాడ్తున్నవ్?"

"బిడ్డ చిన్నప్పటి తెల్ల అంగీ. నీలం గీత ఉంటది చూడు."

"అది ఇప్పుడేడుంది? సర్వేయర్ సాబ్ బిడ్డ కానుపుకొచ్చింది గద, మొన్న ఎండకాలం. దాని కొడుక్కు ఇచ్చిన. పసిగుడ్డుకు గసొంటి మెత్తటి బట్ట ఏడ దొరుకుతదని ఎంత సంబురపడ్డదో."

నేను ట్రంకు పక్కనే కూలబడ్డాను. ఆయన్ను కాపాడగలిగిన ఒక్క గుడ్డా ఆయన మనవడి ఒంటి మీదే ఉంది. రెండు గల్లీల దూరం. ఆ వారం రోజులూ ఆ గల్లీలోకి మలుపు తిరిగే చోట దాకా వెళ్లడం, వెనక్కి రావడం. నా ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. పోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందన్న బెంగ కాదది, మళ్లీ బర్రెల వెనక నడవాల్సి వస్తుందని. ఇంత సిగ్గులేని భయాన్ని ఇప్పుడు కాగితం మీద పెడుతుంటే చేయి వణుకుతోంది. మా ఉస్తాద్ ఉంటే పక్కన నిలబడి నిట్టూర్చేవారు.

రెండో విచారణ గురువారం పొద్దున. సాబ్ గదిలో బల్లకు అవతల ఆయన, ఇద్దరు పై అధికారులు. ఇవతల సర్వేయరు నిలబడి ఉన్నాడు, చేతిలో ఎప్పుడూ ఉండే గుడ్డసంచి. ఆ వెనక ఉస్తాద్, నేను.

"గీశానంటున్నారు. షీటు లేదు. నకలు చేసిన మనిషి అంతా ఎక్కిందని రాసిచ్చాడు. మీ దగ్గర సబూత్ ఏమైనా ఉందా?" అని సాబ్ అడిగారు. ఆయనకు ఆ పని ఇష్టం లేదని గొంతులో తెలుస్తోంది.

సర్వేయరు సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నేను చెప్పేది చెప్పిన సాబ్."

"అయితే నేను రాయాల్సింది రాయాలి."

సాబ్ కలం సిరాలో ముంచారు. నాకు మట్టికుప్ప మీద కూర్చున్న ఆమె చూపు గుర్తుకొచ్చింది. మా చేతుల వైపు చూసింది అన్నానే, నిజానికి ఆ చేతుల్లో ఆమె భర్తను పాతిపెట్టినవి నావే. ఆ మాట నాకు అప్పుడే, ఆ కలం కాగితానికి ఆనకముందే తట్టింది.

"ఠహరియే సాబ్" అని ఆపాను. "గీత ఉండె. నేనే ఎక్కియ్యలేదు. ఎక్కియ్యకుండానే దస్కతు పెట్టిన."

ఉస్తాద్ గోడకు ఆనుకోవడం వినిపించింది.

"ఆ షీటు ఎక్కడుంది?"

"ఇంటికి తీస్కపోయి బిడ్డకు అంగీ కుట్టించిన సాబ్. ఆ అంగీ ఇప్పుడు సర్వేయర్ సాబ్ మనుమని ఒంటి మీద ఉన్నది."

అధికారుల్లో ఒకాయన ఫక్కున నవ్వి, మిగిలినవాళ్ల మొహాలు చూసి ఆపేశాడు. సర్వేయరు సంచిలో చేయి పెట్టి ఒక మడత తీసి బల్ల మీద పరిచాడు. జానెడు అంగీ. మెడ దగ్గర పాల మరకలు. వీపు మీద నీలిగీత, కొడవలి వంపుతో సహా.

"ఇది ఎప్పటి నుంచి ఉంది మీ దగ్గర?" సాబ్ గొంతు మారింది.

"మొదటి విచారణ నాడు ఇంటికి పోయిన. పిల్లగాన్ని ఎత్తుకుంటే కనవడ్డది. నేను గీసిన వంపు నాకు ఎరిక లేదా సాబ్? గప్పటిసంది సంచిలనే పెట్టుకొని తిరుగుతున్న."

"మరి చూపించరేం?"

"గీత నాది. దాని మీద దస్కతు ఈ తమ్మునిది. దస్కతు పెట్టినోని నోట్లకెల్లి రావాలని చూసిన."

సాబ్ అంగీని దగ్గరకు లాక్కుని గీత వెంట వేలు పెట్టి చూశారు. తర్వాత నన్నడిగారు, ఎందుకు వదిలేశావని.

"షీటు సాఫ్‌గా కనిపించాలని సాబ్."

"ఈ దారి మీకు ఎవరు చెప్పారు? ఇక్కడ రాత ఏమీ లేదు." ఇది సర్వేయరును అడిగారు.

రాత కుంకుడు రసంలో పోయింది. ఆయన చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు. నా వైపు తిరిగి, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అక్కడ కూడా నా పరువు నా చేతికే వదిలాడు.

నేను ఉర్దూలో మొదలుపెట్టిన మాట మధ్యలో తెలుగైపోయింది. "మా బాపు చెప్పిండు సాబ్. బర్లు కాస్తడు. ధూల్‌పేట్‌ల ఉంటం. సాఫ్‌గా కనిపించాలని కాదు. గీత పక్కన ఆయన పేరు ఉండె. ఆ పేరు మన ఆఫీసోళ్లు చదువుతరని గీత తీసేసిన."

నన్ను బర్తరఫ్ చేయలేదు. సర్వేయరు వెళ్లి సాబ్‌తో ఏదో మాట్లాడాడని తర్వాత తెలిసింది. నా చేత ఆ షీటు మళ్లీ గీయించారు. "తీసినవాడే ఎక్కించాలి" అన్నారు సాబ్. గీత ఎక్కించాను. హాస్టళ్లను పక్కకు జరిపాను. బాపు పేరు, తండ్రి పేరు, బర్రెలు అన్న మాట నా చేత్తో రాశాను. ఆ తర్వాత నన్ను నక్షా బల్ల నుంచి తీసి పాత కాగితాల గదిలో వేశారు. నాలుగేళ్లు రద్దయిన షీట్లకు కాపలా కాశాను. రద్దయిన షీట్లు ఇళ్లకు ఇవ్వకూడదని అప్పుడే రూలు వచ్చింది. ఆ రూలును అమలు చేసే పని కూడా నాకే పడింది. మా ఆఫీసు తల్లులు చాలామంది నన్ను తిట్టుకుని ఉంటారు.

అంగీని విచారణ ఫైలులో కుట్టేశారు. సర్వేయరు కూతురు మాత్రం కనిపించినప్పుడల్లా "నా కొడుకు అంగీ ఎప్పుడిస్తరు?" అని అడిగేది.

ఆయన ఉద్యోగం ముగిసిన రోజున దేవిడీ మెట్ల దాకా సాగనంపుతూ అడిగాను, నేను నోరు విప్పకపోతే అంగీ బయటకు తీసేవాడా అని. ఆయన రెండు మెట్లు దిగి ఆగాడు.

"నాకే తెల్వది తమ్మీ. సాబ్ కలం కాగితానికి ఆనేదాక చూద్దామనుకున్న. గా తర్వాత ఏం చేస్తుంటినో" అన్నాడు.

నలభై ఎనిమిది తర్వాత సర్కారు మారింది. యాభై ఏళ్ల నక్షా అటక ఎక్కింది. ఆ నేల మీద ఇప్పుడు చిన్న చిన్న ప్లాట్లు చేసి ఇళ్లు కట్టుకుంటున్నారు. కొడవలి వంపు మీద కూడా కట్టుకుంటున్నారు. వెళ్లి చెప్పి చూశాను. కాగితం చూపించమంటున్నారు.

ఇక చివర చెబుతానన్న పేరు సంగతి.

కొత్త షీటు నకలు ఒకటి ఉస్తాద్‌ను అడిగి ఇంటికి తెచ్చాను. బాపు ముందు పరిచాను. జరిగిందంతా చెప్పాను, ఆయన పేరు ఎందుకు తీసేశానో కూడా. ఇదిగో బాపూ, నీ పేరు అని వేలు పెట్టి చూపించాను. ఆయనకు చదువు రాదు. పేరు వైపు చూడలేదు. గీత వెంట వేలు పెట్టుకుంటూ వచ్చి బండ దగ్గర ఆగాడు.

"గీడ ఇంకొద్దిగ మలగాలె" అన్నాడు. నన్ను తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"గుంతల పోయినాయన పేరేంది బిడ్డా?"

"తెల్వది బాపూ."

"ఎక్కడా రాయలేదా?"

విచారణ కాగితాలన్నీ నాకు దాదాపు నోటికి వచ్చు. వాటిలో ఒక కూలీ అని మాత్రమే ఉంది. బాపు ఆ నకలును నా వైపు నెట్టాడు.

"నా పేరెందుకు బిడ్డా. నేనున్న గద. పోయి ఆయన పేరు అడిగి రాపో."

మర్నాడు పొద్దున్నే జల్‌పల్లి వెళ్లాను. గుంత పూడ్చేశారు. పాలమూరు వాళ్లు వారం కిందటే ఇంకో పనికి వెళ్లిపోయారని అక్కడి కాపలా మనిషి చెప్పాడు. ఎటు వెళ్లారో తెలియదన్నాడు. తర్వాత చాలా చోట్ల అడిగాను, మేస్త్రీలను, బండివాళ్లను. పాత కాగితాల గదిలో నాలుగేళ్లు ఉన్నాను కదా, హాజరు పట్టీలన్నీ తిరగేశాను. దొరకలేదు. సాయంత్రం ఇంటికి రాగానే బాపు మొదటి మాట అదే అడిగేవాడు. ఆయన పోయే వరకూ అప్పుడప్పుడూ అడుగుతూనే ఉన్నాడు. నేను తెల్వది అనే చెప్పేవాణ్ని.